తీరములను కలిపిన తాబేలు

శ్రీకాకుళము పట్టణమునకు సమీపమున, సముద్రమునకు అనతిదూరమున శ్రీకూర్మమను పుణ్యక్షేత్రము కలదు. అచ్చట శ్రీమహావిష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. దేవదానవులు పాలసముద్రమును చిలుకునపుడు మందరపర్వతము నీట మునిగిపోగా, దానిని తన వీపున మోసి నిలిపిన అవతారమిది. ఆలయ ప్రాంగణమున నక్షత్రములవంటి గుర్తులుగల డిప్పలతో చిన్న తాబేళ్లు సంచరించుచుండును. యాత్రికులు వానికి ఆకులు తినిపించి నమస్కరింతురు. అవి నేలమీద బ్రతుకు తాబేళ్లు.

అదే తీరమునకు శీతకాలపు రాత్రులలో మరియొక తాబేలు వచ్చును. దానికి గుడి లేదు, గోపురము లేదు. అందరును నిద్రించు వేళ వచ్చి, తెల్లవారకమునుపే వెడలిపోవును. అది సముద్రపు తాబేలు. దానిని కాపాడుటకై మన దేశపు తీరమున అక్కడక్కడ సామాన్యులైన మనుష్యులు చిన్న చిన్న సంఘములుగా ఏర్పడిరి. ఒకరి భాష ఒకరికి తెలియని ఆ సంఘములవారు కాలక్రమమున చేతులు కలిపిరి. వారు ఏల కలిసిరి, కలిసి ఏమి సాధించిరి, ఇంకను సాధింపవలసినదేమి అను విషయములను ఇందు తెలిసికొందము.

భారతదేశపు సముద్రములలో ఐదు జాతుల తాబేళ్లు కలవు. వానిలో మన తూర్పు తీరమునకు ఎక్కువగా వచ్చునది ఆలివ్ రిడ్లీ అను జాతి. బాగుగా ఎదిగిన తాబేటి డిప్ప రెండడుగులకు కొంచెము మించిన పొడవుండును. బరువు 35 మొదలు 50 కిలోగ్రాముల వరకు ఉండును. డిప్ప బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వన్నెతో ఆలివ్ కాయను పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. కాళ్లకు బదులుగా తెడ్లవంటి రెక్కలుండును. చేపవలె ఈదునే గాని అది చేప కాదు. మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. ఎంత లోతునకు పోయినను, కొంతసేపటికి నీటి పైకి వచ్చి ఊపిరి తీసికొనక తప్పదు. ఈ విషయమును గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథ చాలవరకు దీనిపైననే ఆధారపడియున్నది.

మగ తాబేలు పుట్టి సముద్రము చేరిన తరువాత సాధారణముగా మరల నేలపై అడుగిడదు. ఆడ తాబేలు మాత్రము గ్రుడ్లు పెట్టుటకై ఒడ్డునకు వచ్చును. అలలు తాకని ఎత్తైన ఇసుకను చూచుకొని, వెనుక రెక్కలతో ఒకటిన్నర అడుగుల లోతున కూజావంటి గుంటను త్రవ్వును. అందులో నూటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టును. అవి తెల్లగా, గుండ్రముగా, చిన్న బంతులవలె ఉండును. పిమ్మట గుంటను ఇసుకతో పూడ్చి, తన బరువుతో ఇటునటు ఊగి అదిమి, చుట్టును ఇసుక చిమ్మి, జాడ తెలియకుండ చేసి, మెల్లగా సముద్రములోనికి వెడలిపోవును. ఆ పిమ్మట తల్లి ఆ గ్రుడ్లను మరల చూడదు. వానిని పొదుగునది సూర్యుడు వేడిచేసిన ఇసుకయే.

నలుబదియైదు మొదలు అరువది దినములకు గ్రుడ్లు పగిలి పిల్లలు బయలుదేరును. వింతయేమనగా, పుట్టబోవునది ఆడదియో మగదియో నిర్ణయించునది ఇసుక వేడియే. వేడి హెచ్చైన ఆడపిల్లలు, తగ్గిన మగపిల్లలు ఎక్కువగా పుట్టును. అరచేతిలో ఇముడునంతటి పిల్లలు రాత్రివేళ ఒక్కుమ్మడిగా ఇసుకను చీల్చుకొని పైకి వచ్చి, వెలుతురు ఉన్న దిక్కునకు పరుగెత్తును. చీకటి తీరమున వెలుతురుండునది సముద్రముపైననే గదా! నక్షత్రముల కాంతి నీటిపై మెరయుటచే ఆ దిక్కు తేటగా కనిపించును. కాని ఒడ్డున విద్యుద్దీపములు వెలుగుచుండిన, పాపము, ఆ పిల్లలు భ్రమపడి ఊరివైపు నడచి కుక్కలకు, కాకులకు ఆహారమగును. సముద్రము చేరినను ఆపదలు తప్పవు. వేయింటిలో ఒకటి మాత్రమే పెరిగి పెద్దదగునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఒడిశా రాష్ట్రములో గహీర్మఠ, దేవీ నది మొగ, ఋషికుల్యా నది మొగ అను మూడు తావులు ఈ తాబేళ్లకు ప్రసిద్ధములు. అచ్చట కొన్ని దినములలోనే లక్షలకొలది తాబేళ్లు ఒక్కసారిగా ఒడ్డునకు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఇట్టి దృశ్యము ప్రపంచములో బహు కొద్ది తావులందు మాత్రమే కనిపించును. ఇచ్ఛాపురము నుండి నెల్లూరు వరకు వ్యాపించిన మన ఆంధ్ర తీరమున అట్టి సమూహములు రావు. ఇచ్చట ఒక్కొక్కటిగా వచ్చి అక్కడక్కడ గ్రుడ్లు పెట్టును. కాకినాడకు ఎదురుగానున్న హోప్ ఐలాండ్ అను ద్వీపము వాని కిష్టమైన తావులలో ఒకటి. ఒడిశాకు పోవునవియు, అచ్చటి నుండి దక్షిణమునకు మరలునవియు మన తీరసముద్రముగుండ సాగిపోవుచుండును.

ఈ జీవులకు మనుష్యులవలన కలిగిన కష్టములు పలువిధములు. పూర్వము ఒడిశా తీరమున గ్రుడ్లను పడవలకెత్తి అమ్ముచుండిరి. పెద్ద తాబేళ్లను మాంసమునకై పట్టి దూరపు నగరములకు పంపుచుండిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత ఆ వ్యాపారము క్రమముగా అణగినది. నేడు తాబేలును చంపుటయు, గ్రుడ్లను తీయుటయు నేరములు. కాని చట్టము కాగితముపై నుండును. తాబేలు ఇసుకపైకి వచ్చును. అర్ధరాత్రివేళ ఆ ఇసుకపై కావలి యుండువారెవరు? ఈ ప్రశ్నకు మొదట జవాబు చెప్పినవారు తీరమున నివసించు సామాన్యులే.

1970వ దశకపు తొలి సంవత్సరములలో మదరాసులో రోములస్ విటేకరును, ఆయన మిత్రులును రాత్రులందు తీరమువెంట నడచి తాబేటి గూళ్లను వెదకుట ప్రారంభించిరి. కొంతకాలము ఈ పనిని ప్రభుత్వ శాఖలు చేపట్టి, పిదప విరమించినవి. అప్పుడు 1988లో కొందరు విద్యార్థులు ఒక సంఘముగా ఏర్పడి ఆ బాధ్యతను తలకెత్తుకొనిరి. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని తమ సంఘమునకు పేరు పెట్టుకొనిరి. జీతము లేదు, బత్తెము లేదు. పగలు చదువు, రాత్రి నడక. ఆ విద్యార్థులు పెద్దవారై ఉద్యోగములకు పోగా క్రొత్త విద్యార్థులు వచ్చి చేరిరి. ఆ నడక నేటికిని సాగుచునేయున్నది.

వారి పని విధానము తెలిసికొనదగినది. నీలాంగరై నుండి బీసెంట్ నగరు వరకు గల తీరమున అర్ధరాత్రి దాటిన పిమ్మట వరుసగా నడతురు. తాబేలు ఒడ్డెక్కి దిగిన జాడ, బండి చక్రపు చాలువలె ఇసుకపై కనిపించును. ఆ జాడను పట్టి పోయి, సన్నని కర్రతో ఇసుకను మెల్లగా గ్రుచ్చి, మెత్తగానున్న చోటును గుర్తింతురు. చేతులతో ఇసుకను తోడి, గ్రుడ్లను పగులకుండ గుడ్డసంచిలో నుంచి, లెక్కపెట్టి, కంచె వేసిన సురక్షిత స్థలమునకు కొనిపోవుదురు. అచ్చట తల్లి త్రవ్వినంత లోతుననే గుంట త్రవ్వి, అదే రూపమున దిద్ది, గ్రుడ్లను పాతిపెట్టి, తేదీని వ్రాసియుంచుదురు. ఇట్టి కంచెను హేచరీ అందురు. పిల్లలు పైకి వచ్చినపుడు వానిని తీరమునకు తెచ్చి, కొంతదూరము ఇసుకపై తామే నడచి నీటిని చేరునట్లు విడిచిపెట్టుదురు.

ఇదే కాలమున ఇతర తీరములందును ఇట్టి ప్రయత్నములు మొలకెత్తినవి. కేరళ రాష్ట్రము కోజికోడ్ జిల్లాలో కొలావిపాలమను పల్లె కలదు. 1992లో అచ్చటి మత్స్యకార యువకులు వార్తాపత్రికలో తాబేళ్లను గూర్చిన వ్యాసమొకటి చదివిరి. తమ ఊరి ఒడ్డున గ్రుడ్లు పెట్టుచున్న ప్రాణి అంతరించిపోవు ప్రమాదములో నున్నదని వారికప్పుడు తెలిసినది. వెంటనే తీరం ప్రకృతి సంరక్షణ సమితి అను సంఘమును స్థాపించి, గ్రుడ్లను కాపాడుటకు పూనుకొనిరి. ఒక వ్యాసము ఒక పల్లెను మేల్కొలిపినదన్నమాట.

మహారాష్ట్రములో రత్నగిరి జిల్లాయందలి వేళాస్ అను పల్లెలో 2002 నుండి సహ్యాద్రి నిసర్గ మిత్ర అను సంస్థ గ్రామస్థులతో కలిసి గూళ్లను రక్షించుచున్నది. 2006 నుండి అచ్చట తాబేళ్ల ఉత్సవము జరుగుచున్నది. పిల్లలు సముద్రమునకు పోవు దృశ్యమును చూచుటకు నగరములనుండి జనులు వచ్చి, గ్రామస్థుల ఇండ్లలో బసచేసి, వారి చేతివంట తిని పోవుదురు. గ్రుడ్లను కాపాడుటవలన పల్లెకు కొంత ఆదాయమును లభించుచున్నది.

ఇక ఋషికుల్యా కథ మనకు మరింత దగ్గరిది. ఈ నది గంజాము జిల్లాలో సముద్రమును కలియును. గంజాము మన శ్రీకాకుళము జిల్లాకు పొరుగుది. 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు మదరాసు రాజధానిలోనే ఉండెడిది. ఆ తీరపు పల్లెలలో తెలుగు మాటలాడు జాలరులు అనేకులు తరతరములుగా నివసించుచున్నారు. అక్కడివారు వారిని నోలియాలని పిలుతురు. ఈ నది మొగవద్ద లక్షలకొలది తాబేళ్లు వచ్చుచున్నవని శాస్త్రలోకమునకు 1994లోగాని తెలియలేదు. జాలరులకు మాత్రము అది అంతకు మునుపే తెలుసును. తాబేలు విష్ణుమూర్తి అవతారమని వారు భావింతురు. పరిశోధకులకు తోడుగా నడచిన పల్లె యువకులు పిదప తామే ఒక రక్షణ సంఘముగా ఏర్పడి, గ్రుడ్లకు కాపలాయుండి, దీపములవైపు దారితప్పిన పిల్లలను ఏరి సముద్రమున విడిచిపెట్టుచున్నారు.

ఇట్లు ప్రతి సంఘమును తన తీరమును తాను కాపాడుకొనుచుండెను. ఇది మెచ్చదగిన పనియే. అయినను ఒక లోపము మిగిలియుండెను. సముద్రము తీరములన్నిటిని కలిపియుంచినది. కాపలాదారులు మాత్రము విడివిడిగా ఉండిరి.

మన తీరములన్నిటిని ఒక్కటిగా చూచిన తొలివారిలో సతీష్ భాస్కర్ ముఖ్యుడు. ఆయన ఇంజనీరింగు చదువును వదలి, 1970వ దశకపు చివరి సంవత్సరములనుండి తాబేళ్లను వెదకుచు మన తీరములందును, అండమాన్, లక్షద్వీపములందును సుమారు 4,000 కిలోమీటర్లు కాలినడకన తిరిగెను. ఏ తీరమునకు ఏ జాతి వచ్చునో, ఎప్పుడు వచ్చునో మొదట వ్రాసియుంచినవాడాయనయే. 1982లో ఆయన లక్షద్వీపములలోని సుహేలి అను నిర్జన ద్వీపమున వర్షకాలమంతయు ఒంటరిగా గడపెను. తుఫానుల కాలమగుటచే పడవలు రావు, ఉత్తరములు పోవు. అందుచే భార్యకు ఒక లేఖ వ్రాసి సీసాలో పెట్టి, బిరడా బిగించి, సముద్రమున విడిచెను. ఆ సీసా ఇరువదినాలుగు దినములలో సుమారు 800 కిలోమీటర్లు తేలిపోయి శ్రీలంక తీరమును చేరెను. దానిని కనుగొనిన జాలరి ఒకడు ఆ లేఖను ఆమెకు తపాలాలో పంపెను. ఒక తీరమున నీటిలో విడిచినది మరియొక దేశపు తీరమును చేరునని ఆ సీసా చెప్పకయే చెప్పినది.

తాబేలును అట్లే చేయును. 2021 మార్చిలో శాస్త్రజ్ఞులు గహీర్మఠ తీరమున ఒక తాబేటి రెక్కకు సంఖ్యగల లోహపు బిళ్లను తగిలించిరి. అదే తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రములోని గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనిపించినది. అనగా తూర్పు సముద్రమును విడిచి, దేశపు దక్షిణాగ్రమును దాటి, పడమటి సముద్రమును చేరినది. ఆ ప్రయాణము సుమారు 3,500 కిలోమీటర్లుండునని అంచనా. ఈ రెండు తీరముల నడుమ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ, కర్ణాటక, గోవా తీరములు కలవు. అట్టి తాబేలు ఏ ఊరిది? ఏ రాష్ట్రముది? దానిని ఒక తీరమున రక్షించి మరియొక తీరమున చంపిన ఫలమేమి?

ఒడ్డున గ్రుడ్లను కాపాడువారికి క్రమముగా మరియొక సత్యము బోధపడినది. ఏటేట శీతకాలమున వేలకొలది పెద్ద తాబేళ్లు చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చుచుండెను. కారణము ట్రాలర్లను పెద్ద మరపడవలు. అవి సంచివంటి పెద్ద వలను సముద్రములో గంటలకొలది ఈడ్చుకొని పోవును. రొయ్యలతోను చేపలతోను కలిసి తాబేలును ఆ వలలో పడును. వల పైకి రాదు. తాబేలు ఊపిరికై పైకి రాలేదు. తుదకు నీటిలోనే ఊపిరాడక చనిపోవును. వేయి గ్రుడ్లను కాపాడిన ఒక తాబేలు పెద్దదగునని మునుపు చెప్పుకొంటిమి. అట్టి పెద్ద తాబేలు ఒక్కటి వలలో చచ్చిన, వేయి గ్రుడ్లను కాచిన శ్రమ నీట కలిసినట్లే గదా! ఈ ఆపదను ఒడ్డున కాపలాయున్న ఏ ఒక్క సంఘమును ఆపజాలదు.

దీనికి ఉపాయములు లేకపోలేదు. వలకు ఇనుప కమ్ముల చట్రమును, దానిపై ఒక ద్వారమును అమర్చిన, రొయ్యలు కమ్ముల సందున లోనికి పోవును. తాబేలు కమ్ములకు తగిలి ద్వారముగుండ బయటపడును. మన దేశపు వలలకు తగినట్లు ఇట్టి సాధనమును కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసినది. కాని కొన్ని చేపలును ఆ ద్వారముననే తప్పించుకొనునని పడవలవారు దానిని వాడుటకు వెనుకాడుచున్నారు. వేట నిషేధము రెండవ ఉపాయము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుదురు. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలమును దృష్టియందుంచుకొని చేసినది. తాబేళ్లు తీరమునకు చేరునది నవంబరు మొదలు ఏప్రిల్ వరకు. అందుచే ఆ నిషేధము వానికి చాలవరకు అక్కరకు రాదు.

ఒడిశాలో ప్రభుత్వము మరికొంత ముందునకు పోయినది. 1997లో గహీర్మఠను సముద్ర అభయారణ్యముగా ప్రకటించినది. ధామ్రా, దేవీ, ఋషికుల్యా నదుల మొగలవద్ద 20 కిలోమీటర్ల దూరమువరకు నవంబరు 1 నుండి మే 31 వరకు వేటను నిషేధించినది. తాబేళ్లకు మేలు కలిగించు నియమమే. అయితే ఏడు నెలలు వేట లేకున్న చిన్న పడవల జాలరి ఏమి తినవలెను? తెప్పపై పోయి సన్నని వల వేసికొనువానికి తాబేళ్లను చంపిన పాపము లేదు. ఆకలి మాత్రము వానికే మిగిలినది. తాబేళ్లను ప్రేమించువారు తమకు శత్రువులని జాలరులు తలచిరి. జాలరులు చట్టమును మన్నింపరని సంరక్షకులు తలచిరి. ఇరువురి నడుమ మనసులు విరిగినవి.

ఇట్టి సమయమున 2004లో కొందరు వివేకవంతులు ఇరుపక్షములవారిని ఒకచోట కూర్చుండబెట్టిరి. జాలరుల సంఘములు, ప్రకృతి సంరక్షణ సంఘములు, పరిశోధకులు కలిసి ఒడిశా సముద్ర వనరుల సంరక్షణకై ఒక సమాఖ్యగా ఏర్పడిరి. కలిసి మాటలాడగా ఒక విషయము స్పష్టమైనది. ఒడ్డునకు 5 కిలోమీటర్ల లోపలి సముద్రము సంప్రదాయ జాలరులదని ఒడిశాలో 1982 నాటి చట్టమే చెప్పుచున్నది. ఆ హద్దును దాటి వచ్చు ట్రాలర్లు తాబేళ్లను ముంచుచున్నవి. చిన్న జాలరుల వలలను తెంపుచున్నవి. వారికి దక్కవలసిన చేపలను ఊడ్చుకొని పోవుచున్నవి. అనగా తాబేటికిని, తెప్పవానికిని కష్టము ఒక్కటే. ఇది తెలిసిన పిమ్మట వారి కోరికయు ఒక్కటైనది: మరపడవలను హద్దులో నుంచవలెను, తాబేలునకు కీడు చేయని చిన్న వేటను బ్రతుకనీయవలెను.

ఈ కలయికవలన కష్టములన్నియు ఒక్కదినమున తొలగలేదు. ట్రాలర్లపై కూలికి పోవువారును బీదలే. వారి జీవనమును ఆలోచింపవలసినదే. అయినను ఎదుటివానిని నిందించుట మాని, వాని మాట వినుట నేర్చుకొనుటయే ఒక గొప్ప మార్పు.

ఒక రాష్ట్రములో సాధ్యమైనది దేశమంతట ఏల సాధ్యము కాదు? ఈ ఆలోచనతో 2009లో వివిధ తీర రాష్ట్రముల సంఘములు కలిసి టర్టిల్ యాక్షన్ గ్రూప్ అను కూటమిగా ఏర్పడినవి. ఇరువదికి పైగా సంస్థలు ఇందులో చేరినవి. వానిలో కొన్ని పట్టణపు సంస్థలు, కొన్ని పల్లెలలోని మత్స్యకార యువకుల సంఘములు. తమిళుడు, మలయాళీ, మరాఠీవాడు, ఒడియావాడు ఒకేచోట చేరి తమ తమ తీరముల కథలను చెప్పుకొనుటకు ఇందువలన వీలు కలిగినది.

ఇట్టి కూటమివలన ప్రయోజనమేమని మీరు అడుగవచ్చును. మొదటిది జ్ఞానము. ఒక తీరమున ఇరువది సంవత్సరములు శ్రమించి తెలిసికొనిన మెలకువను మరియొక తీరమువారు ఒక్కదినమున నేర్చుకొనగలరు. గ్రుడ్లను ఎంత లోతున పాతవలెను, ఎండ హెచ్చినపుడు నీడ ఎట్లు కల్పింపవలెను అను విషయములలో ఒకరి తప్పు మరియొకరికి పాఠమగును. రెండవది లెక్క. అందరును ఒకే విధముగా గూళ్లను, చనిపోయిన తాబేళ్లను లెక్కించి వ్రాసినగాని దేశము మొత్తముమీద ఆ జాతి పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలియదు. మూడవది బలము. ఒక పల్లె సంఘము వ్రాసిన అర్జీ కచేరిలో ఒక మూలను పడియుండవచ్చును. అన్ని తీరములవారు కలిసి ఒకే మాట చెప్పిన, ఆ మాటను వినక తప్పదు.

అయితే ఒక సంగతి గమనింపదగినది. కూటమిలో చేరిన ఏ సంఘమును తన పేరును గాని, తన తీరమును గాని విడిచిపెట్టలేదు. చెన్నైలో విద్యార్థులే నడచుచున్నారు. ఋషికుల్యా ఒడ్డున పల్లెవారే కాపలాయున్నారు. జాలరి వలను చూడుడు. దానిలోని ప్రతి ముడియు చిన్నదే, దేని చోట అది ఉండును. కాని ముడికిని ముడికిని నడుమ దారము లేకున్న అది వల కాదు, ఉత్త దారపు ముక్కలే. సంఘములు ముడుల వంటివి. వాని నడుమనున్న స్నేహము దారము వంటిది.

మన ఆంధ్ర తీరమునను శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలు నెల్లూరు వరకు అటవీశాఖవారును, స్వచ్ఛంద సంఘములవారును, మత్స్యకార యువకులును శీతకాలమున గ్రుడ్లను సేకరించి హేచరీలలో కాపాడుచున్నారు. ఒడ్డునకు 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదని మన రాష్ట్రములోను నియమము కలదు. ఆ నియమము చక్కగా అమలు జరిగిన చిన్న జాలరులకును, తాబేళ్లకును ఒక్కసారిగా మేలు కలుగును.

ఇన్నియేండ్ల కృషికి ఫలితమేమి? 2025 ఫిబ్రవరిలో ఋషికుల్యా తీరమునకు దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చి గ్రుడ్లు పెట్టినవి. ఇసుక కనిపింపనంతగా తీరమంతయు డిప్పలతో నిండినది. ఈ వార్త విని సంతోషింపనివారుండరు. కాని అదే సంవత్సరము జనవరిలో చెన్నై పరిసర తీరములందు వందలకొలది తాబేళ్లు చచ్చి కొట్టుకొనివచ్చినవి. ఏ తీరమున విద్యార్థులు ముప్పది ఏండ్లకు పైగా రాత్రులు నిద్రమాని గ్రుడ్లను కాచిరో, ఆ తీరముననే వారు ఈ కళేబరములను లెక్కపెట్టవలసి వచ్చెను. వారు అధైర్యపడి ఇండ్లకు పోలేదు. లెక్కపెట్టిరి, వ్రాసిరి, అందరికిని తెలియజెప్పిరి. ఒడ్డున చేసిన మేలు సముద్రములో నిలువవలెనన్న, ఇంకను ఎందరో చేతులు కలుపవలసియున్నదని ఈ రెండు వార్తలును కలిసి మనకు బోధించుచున్నవి.

తీరమున నివసించు బాలబాలికలు ఈ పనిలో పాలుపంచుకొనవచ్చును. ఇసుకపై తాబేటి జాడ కనిపించిన దానిని చెరుపక, గ్రుడ్లను తాకక, ఊరి పెద్దలకో అటవీశాఖవారికో తెలుపవలెను. పిల్లలు పైకి వచ్చు రాత్రులలో సముద్రమువైపునకు వెలుగు దీపములను ఆర్పవలెను. ఒడ్డున తెగిన వల ముక్కలు, ప్లాస్టిక్ సంచులు పడియుండిన ఏరివేయవలెను. తీరమునకు దూరముగా నివసించువారికిని తమ ఊరి చెరువు, తమ ఊరి గుట్ట, వానిని ఆశ్రయించిన పక్షులు ఉండనే ఉన్నవి. ఆ పక్షులును ఒక్క చెరువునకు చెందినవి కావు. ఈ ఊరి చెరువును కాపాడువారు పొరుగూరి చెరువును కాపాడువారితో కలిసినగాని వానికి మేలు జరుగదు.

నేడు మన తీరమున ఇసుకను చీల్చుకొని బయలుదేరిన ఆడ తాబేటిపిల్ల, పదునైదేండ్లకు అటునిటుగా పెద్దదై, గ్రుడ్లతో మరల ఏదో ఒక తీరమునకు వచ్చును. అది మన ఊరే కానక్కరలేదు. అప్పుడు ఆ తీరమున, దాని జాడను గుర్తించి, దీపమార్పి, దూరముగా నిలిచి కాపలాకాయు మనుష్యుడొకడు ఉండవలెను. అతడెవడో మనకు తెలియదు. మనమెవరమో అతనికి తెలియదు. అయినను ఇద్దరమును ఒకే పనిలో నున్నవారము.